వృక్షవిశేషము

ప్రాచీన సాహిత్యం చదువుకునే రోజుల్లో నిఘంటువు తెరిచినప్పుడల్లా ఒక మాట ఎదురయ్యేది. ఏదో చెట్టు పేరు కోసం వెతికితే దాని పక్కన ‘వృక్షవిశేషము’ అని ఉండేది. తీగ అయితే ‘లతావిశేషము’. అంటే ఒకానొక చెట్టు, ఒకానొక తీగ. అంతకుమించి తెలుసుకోవలసిన అవసరం ఎవరికీ కలగలేదు కాబోలు. పరీక్షకి ఆ మాత్రం చాలు. తర్వాత ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను. “కురవకం అంటే ఏంటి మేడం?” అని పిల్లలు అడిగితే “ఒక పూలచెట్టమ్మా” అని చెప్పి పద్యంలోకి వెళ్ళిపోయేదాన్ని. అలంకారం తెలిస్తే చాలదా, చెట్టుతో పనేమిటి!

ఈ వ్యాసం ఆ ‘ఒకానొక చెట్టు’ గురించి. నేను చేసిన ఒక తప్పు గురించి కూడా.

2007లో మేం కొందరం కలిసి, కొత్తగా రాస్తున్న స్త్రీల కథలతో ఒక సంకలనం తెచ్చాం. సంపాదకుల్లో నేనొకదాన్ని. నా దగ్గర ఎం.ఏ. చదివిన ఒక అమ్మాయి కథ అందులో ఉంది. వాళ్ళది జహీరాబాద్ దగ్గర పల్లె, మాదిగవాడ. తల్లి కూలికి పోయేది. కథ కూడా అదే. పదేళ్ళ పిల్ల బడి మానేసి తల్లి వెంట కలుపుకి పోతుంది. తల్లి కలుపు తీస్తూ కొన్ని మొక్కల్ని గట్టు మీదికి విసురుతుంది, కొన్నిటిని ఒడిలో వేసుకుంటుంది. పిల్ల చూస్తూ ఉంటుంది. ఇలా మూడు రోజులు గడుస్తాయి. నాలుగో రోజు తల్లి అన్నిటినీ గట్టు మీదికే విసిరేసి ఖాళీ ఒడితో ఇంటికొస్తుంది. ఆ రాత్రి పిల్ల కారం మెతుకులు తిని పడుకుంటుంది. కథ అయిపోతుంది.

చేతిరాతలో నా దగ్గరికొచ్చినప్పుడు ఆ కథలో పన్నెండు మొక్కల పేర్లున్నాయి. గునుగు, చెంచలి, దొగ్గలి, గంగవాయిలి, తుమ్మి, పొన్నగంటి, తంటెం, ఉత్తరేణి, ఇంకా కొన్ని. సగానికి పైగా నాకు తెలియవు. తనకి తెలియనిది ఎదురైతే ఏం చెయ్యాలో సంపాదకులకి బాగా తెలుసు. ‘పాఠకులకి అర్థం కాదు’ అంటాం. నేనూ అదే అన్నాను. “పేర్ల జాబితా కథనాన్ని ఆపేస్తోంది, కలుపు మొక్కలు, ఏవో ఆకులు అంటే సరిపోతుంది” అని మార్జిన్లో ఎర్ర ఇంకుతో రాశాను. నాలుగో రోజు గునుగు ఆకు కొసలు మాడి ఉన్నాయని ఒక వాక్యం ఉంటే, అది అనవసర వర్ణన అని కొట్టేశాను. ఆ అమ్మాయి వారంలో మార్చి తెచ్చి ఇచ్చింది. ఒక్క మాట మాట్లాడలేదు. ముందుమాటలో ఆ కథని నేనే మెచ్చుకున్నాను. శ్రమకీ ఆకలికీ మధ్య తల్లీకూతుళ్ళ మౌనాన్ని పట్టుకుందనీ, ముగింపుని పాఠకుల ఊహకి వదిలేసిందనీ రాశాను. ‘ఓపెన్ ఎండింగ్’ అనే మాట కూడా వాడినట్టు గుర్తు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో అధ్యాపకురాలు. తనకే తొమ్మిదో తరగతి చదివే కూతురుంది. “ఒక్కసారన్నా మా ఇంటికి రారు మేడం” అని ఏళ్ళ తరబడి అడిగి అడిగి, 2024 అక్టోబరులో ఎంగిలిపూల బతుకమ్మకి నన్ను వాళ్ళ ఊరు తీసుకెళ్ళింది. పెత్రమాస నాడు పొద్దున్నే వాళ్ళమ్మ పూలు తెంపడానికి బయల్దేరుతుంటే నేనూ వస్తానన్నాను. నేనామెని అక్కా అని పిలిచాను. ఆమె నన్ను మేడమమ్మా అంది. ఆమె నాకన్నా రెండేళ్ళు చిన్నదని తర్వాత తెలిసింది.

ఊరు దాటగానే ఎర్రనేల. ఒకవైపు జొన్నచేను, ఇంకోవైపు చెరుకు. మధ్యలో బండ్లబాట. ప్రకృతితో స్త్రీల సంబంధం గురించి నేను రెండు సెమినార్లలో పత్రాలు చదివాను. వందన శివ పేరు, చిప్కో పేరు లేకుండా నా వాక్యం ముగిసేది కాదు. ఆ బాట మీద వంద గజాలు నడిచేసరికి నాకు పేరు తెలిసినవి మూడే మూడు కనిపించాయి. వేప, జిల్లేడు, తుమ్మ. ఆ తుమ్మ కూడా నేననుకున్నది కాదట. “అది మన తుమ్మ గాదు మేడమమ్మా, సర్కారు తుమ్మ” అంది. మిగిలిన పచ్చదనమంతా నా కళ్ళకి ఒకే ముద్ద. పిచ్చిమొక్కలు.

కాసేపటికి చీర కుచ్చిళ్ళకి ఏవో ముళ్ళలాంటి గింజలు అంటుకున్నాయి. వంగి పీక్కుంటుంటే మనవరాలు ఫోన్ తీసి ఆ మొక్కని ఫొటో కొట్టింది. ‘అకిరాంథస్ ఆస్పెరా’ అని లాటిన్ పేరు వచ్చింది. కింద ఇంగ్లీషులో, కలుపు మొక్క అని. “ఉత్తరేణి” అంది వాళ్ళ అమ్మమ్మ వెనక్కి తిరక్కుండానే. నేను నిలబడిపోయాను. ఉత్తరేణి అంటే అపామార్గం. వినాయకచవితి పూజలో ఇరవయ్యొక్క పత్రాల్లో అపామార్గ పత్రం ఒకటి. నలభై ఏళ్ళుగా ప్రతి ఏడూ ఆ పేరు చదువుతూ చేతికందిన ఆకేదో వేస్తూ వచ్చాను. నా చీరకి అంటుకున్నది అదేనని నాకు తెలియదు. సంస్కృతం తెలుసు, మొక్క తెలియదు. ఆమెకి మొక్క తెలుసు, దాని లేత ఆకు కూర వండుకోవచ్చనీ తెలుసు. ఆ మొక్కకి నా దగ్గరున్న పేరుతో ఆమెకి ఏ అవసరమూ కలగలేదు.

అక్కడినుంచి నేను అడగడం మొదలుపెట్టాను. ఆమె చెప్తుంటే ఒక సంగతి గమనించాను. ఆమె మొక్కని చూసి పేరు చెప్పడం లేదు. చూస్తోంది, తుంచుతోంది, నలుపుతోంది, వాసన చూస్తోంది, అప్పుడు చెప్తోంది. తుంచితే పాలు వస్తాయా రావా? ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా? మేక ముట్టుకుంటుందా లేదా? తెల్లపూలున్న ఒక మొక్కని పీకి కాడని నా వేళ్ళ మధ్య తిప్పించింది. “సూడు, నాలుగు పలకలుంటది. తులసి గూడ గట్లనే ఉంటది. గిది తుమ్మి. చవితి నాడు దీని కూర తినాలె.” తులసి కుటుంబాన్ని గుర్తుపట్టడానికి వృక్షశాస్త్ర పుస్తకాలు చెప్పే మొదటి లక్షణాలు కూడా అవే. నాలుగు పలకల కాడ, ఎదురెదురు ఆకులు, రెండు పెదవుల పువ్వు. ఆమె ఆ పుస్తకం చదవలేదు, నేనూ చదవలేదు. అయితే ఆమెకి దాని అవసరం రాలేదు, నాకు ఆ ఊహే రాలేదు.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ‘స్త్రీలకి ప్రకృతి సహజంగానే తెలుస్తుంది’ అనే మాట నాకు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నాకెందుకు తెలియలేదు మరి? నేను స్త్రీని కానా? ఆమెకి తెలిసింది స్త్రీ కాబట్టి కాదు. ఏడేళ్ళ వయసునుంచి వంగి కలుపు తీసింది కాబట్టి, ఏది తింటే కడుపు నిండుతుందో ఏది తింటే కక్కుకుంటారో తెలియకపోతే బతకలేని ఇంట్లో పుట్టింది కాబట్టి తెలిసింది. అది నేర్చుకున్న విద్య. పాఠ్యప్రణాళిక ఆకలిది, బడి ఇంకొకరి పొలం. దాన్ని సహజం అంటే ఆమె నేర్చుకున్న శ్రమని రెండోసారి దోచుకున్నట్టే.

తంగేడు దగ్గర ఇది ఇంకా బాగా అర్థమైంది. పూలు తెంపుతూ తంగేడు గురించి నాకు తెలిసిందంతా చెప్పాను. 2014లో తెలంగాణ రాష్ట్రపుష్పం అయిందని, బతుకమ్మకి ఇదే ప్రాణమని. ఆమె కొమ్మ వంచి బెరడు చూపించింది. “మా తాత లందల ఈ చెక్కనే ఏస్తుండె. తోలు నానుతుండె. ఆ వాసనకు ఊరోళ్ళు మా దిక్కు రాకపోతుండ్రి” అంది. తంగేడు బెరడు తోళ్ళు పదును చెయ్యడానికి వాడేవాళ్ళు. ఇంగ్లీషులో ఆ చెట్టుకి ఉన్న పేరు కూడా తోళ్ళ పనివాళ్ళ పేరుమీదే ఉంది. ఒకే చెట్టు. పువ్వు ఊరందరి గౌరమ్మ, చెక్క వాడ బయటి లంద. బతుకమ్మ మీద ఎన్నో వ్యాసాలు చదివాను, ఒకటి రాశాను కూడా. పువ్వు గురించే రాశాను.

మన సాహిత్యంలో మొక్కలకి కొదవ లేదు. ప్రబంధాల్లో వనవర్ణన తప్పనిసరి. వనం ఉంటే వనవిహారం, విహారం ఉంటే స్త్రీలు. ఈ స్త్రీలు చెట్లకి ఏం చేస్తారు? దోహదక్రియలు చేస్తారు. అశోకాన్ని పాదంతో తన్నితే పూస్తుంది. పొగడ మీద మద్యం పుక్కిలిస్తే పూస్తుంది. కురవకాన్ని కౌగిలిస్తే పూస్తుంది. తిలకాన్ని చూస్తే చాలు. ఇదంతా కవిసమయం, దీన్ని అక్షరార్థంగా తీసుకోకూడదని నాకు తెలుసు. కానీ ఒకసారి స్త్రీల వైపునుంచి చూడండి. పాదం, నోరు, రొమ్ము, చూపు అన్నీ చెట్టుకి తగులుతున్నాయి. ఆ స్త్రీకి చెట్టు తెలుసా అన్న ప్రశ్న మాత్రం ఏ కవికీ రాలేదు. ఆమె శరీరం చెట్టుని పూయిస్తుంది, పేరు పెట్టి పిలిచేది మాత్రం కవి. ఆ కవికైనా చెట్టు తెలుసా? లోకానికి తెలిసే అవకాశం ఎంత తగ్గిపోయిందంటే, ఇవాళ మన కాలేజీల ప్రహరీల వెంట నిటారుగా నిలబెట్టిన నారమామిడి చెట్లనే అందరం అశోకాలు అంటున్నాం. అసలు అశోకం పూలు కాషాయం, ఎరుపు కలిసిన గుత్తులుగా కొమ్మలమీదే కాదు, మానుమీద కూడా పూస్తాయి. నారమామిడి పువ్వు ఆకుల్లో కలిసిపోయే లేతాకుపచ్చ. నేను చదివిన విశ్వవిద్యాలయంలో నారమామిడి కింద నిలబడి అశోక దోహదం పాఠం విన్నాను. చెప్పినవాళ్ళూ విన్నవాళ్ళూ ఎవరం తల పైకెత్తలేదు.

ఆధునిక కవిత్వంలో పూలకి నోరొచ్చింది. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ తెలియని తెలుగువాళ్ళు ఉండరు. అందులో పూలు ఆడపిల్లల్లా మాట్లాడతాయి. దారంతో గొంతు బిగించి తలలో ముడుచుకునే ఆడవాళ్ళకి దయలేదని వాపోతాయి. పువ్వూ స్త్రీయే, నిందితురాలూ స్త్రీయే. వినే కవి ఒక్కడే కరుణామయుడు. బజారులో మూరలెక్కన పూలు కట్టి అమ్ముకునే మనిషికి ఆ పద్యాల్లో చోటు లేదు. ఆమెకి కూడా పూలగురించి చెప్పడానికి ఏదో ఉండే ఉంటుంది.

స్త్రీవాద సాహిత్యానికి వస్తే, నేను అందరికన్నా ఎక్కువసార్లు పాఠం చెప్పిన కథ అబ్బూరి ఛాయాదేవి ‘బోన్సాయ్ బ్రతుకు’. కుండీలో కురచగా పెంచిన చెట్టుని చూసి, ఆడవాళ్ళ బతుకూ ఇంతే కదా అనుకునే కథ. ఆ పోలిక ఎంత బలమైందంటే, చదివినవాళ్ళు ఇక బోన్సాయ్‌ని మామూలు కళ్ళతో చూడలేరు. జహీరాబాద్ నుంచి వచ్చాక ఆ కథని మళ్ళీ చదివాను. ఇన్నేళ్ళూ నేను చూడనిది ఒకటి కనిపించింది. బోన్సాయ్‌ని పెంచింది చదువుకుని ఉద్యోగం చేస్తున్న చెల్లెలు. దాన్ని చూసి అసలు విషయం పట్టుకున్నది పల్లెనుంచి వచ్చిన, ఎక్కువ చదువుకోని అక్కయ్య. ఎందుకని? ఆమెకి ఆ చెట్టు అసలు ఎంత పెరుగుతుందో తెలుసు. తెలియనివాళ్ళకి బోన్సాయ్ ముద్దుగా కనిపిస్తుంది, తెలిసినవాళ్ళకి నొప్పిగా కనిపిస్తుంది. నేను ఇన్నేళ్ళూ పోలికని పాఠం చెప్పాను. పోలిక కన్నా ముందు అక్కయ్యకి ఉన్న తెలివిడిని చెప్పలేదు. కథలో అది ఉంది. విమర్శ దాన్ని దాటేసింది.

ఇక పేర్ల రాజకీయం. స్త్రీవాదులుగా మనకి ఇది కొత్తకాదు. పెళ్ళయ్యాక మారే ఇంటిపేరు దగ్గరనుంచి మనం మాట్లాడుతూనే ఉన్నాం. మొక్కల పేర్లలోకి కూడా ఆ చూపు తీసుకెళ్తే చాలా దొరుకుతుంది. 1735లో లిన్నేయస్ మొక్కల్ని వర్గీకరించినప్పుడు మొదటి మెట్టుకి పురుష భాగాలైన కేసరాల లెక్క తీసుకున్నాడు. ఆ కింది మెట్టుకి స్త్రీ భాగాలైన అండకోశాల లెక్క తీసుకున్నాడు. పైగా దాన్నంతా భార్యాభర్తల భాషలో చెప్పాడు. చరిత్రకారిణి లోండా షీబింజర్ 1993లో వచ్చిన తన పుస్తకంలో దీన్ని విప్పి చూపించింది. ప్రకృతిలో చూసిందాన్ని రాశానని శాస్త్రం అనుకుంటుంది, ఇంట్లో చూసిందాన్ని కూడా రాసింది. ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తికి లిన్నేయస్ ఇచ్చిన పేరులోని ‘పుడికా’కి అర్థం సిగ్గరి. సంస్కృతం వాళ్ళు దాన్నే లజ్జాలు అన్నారు. ఆ సిగ్గు మొక్కదో, చూసినవాళ్ళు ఆశించిందో!

ఈ బాటమీద మాకు అడుగడుగునా ఎదురైంది మాత్రం వయ్యారిభామ. 1950ల మధ్యలో పూణేలో గుర్తించాక దేశమంతా పాకిన ఈ కలుపుని కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. దీని లాటిన్ పేరు పార్థీనియం హిస్టెరోఫోరస్. మొదటి మాట వెనక గ్రీకులో కన్య ఉంది, రెండో మాట వెనక గర్భాశయం ఉంది. తెలుగులో అదే మొక్క వయ్యారాలు పోయే భామ. ఒక్క కలుపుమొక్క మీద కన్య, తల్లి, వగలాడి అనే మూడు ముద్రలూ పడ్డాయి. పేర్లు పెట్టినవాళ్ళు చేతులతో దాన్ని పీకి ఉండరు. వాళ్ళ అమ్మ మోచేతులు చూపించింది, నల్లగా మచ్చలు గట్టిపడి ఉన్నాయి. ఆ మొక్క తగిలితే ఒళ్ళు దద్దుర్లెక్కుతుంది, కొందరికి ఆయాసం కూడా వస్తుంది. “దురద గడ్డి అంటం మేము” అంది. దురద గడ్డి. ఆ పేరులో ఆడదీ లేదు అలంకారమూ లేదు. అది చేసే పని ఉంది.

అలాగని లాటిన్ పేర్లన్నీ పెత్తనమనీ, పల్లె పేర్లన్నీ పవిత్రమనీ నేననను. కృష్ణా జిల్లానుంచి హైదరాబాదుకి కొత్తగా వచ్చినప్పుడు పుంటికూర అంటే ఏదో అడవి ఆకు అనుకున్నాను, అది మా గోంగూరే అని తెలియడానికి కొన్నాళ్ళు పట్టింది. పేరు ఊరు దాటితే మారుతుంది. ఊళ్ళు దాటి మాట్లాడుకోవాలంటే అందరికీ ఒక పేరు కావాలి. ఆ పేరు కోసం జీవితం ధారపోసిన స్త్రీలూ ఉన్నారు. తలశ్శేరిలో పుట్టిన జానకి అమ్మాళ్ 1931లో మిషిగన్ నుంచి డాక్టరేట్ తీసుకుంది. సాగు మొక్కల క్రోమోజోముల మీద డార్లింగ్టన్‌తో కలిసి 1945లో పెద్ద గ్రంథం తెచ్చింది. ఇంగ్లండులో ఒక మాగ్నోలియా రకానికి ఆమె పేరుంది. ఆమె కథ మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడుంది? కాబట్టి గొడవ లాటిన్‌తో కాదు. పేరు చెప్పినవాళ్ళు ఏమైపోయారన్నదే గొడవ. 1780లలో విలియం రాక్స్‌బర్గ్ మన సామర్లకోటలో ఉండి మొక్కలు సేకరించాడు. కోరమాండల్ తీరపు మొక్కలమీద 1795 నుంచి లండనులో అచ్చయిన ఆయన సంపుటాల్లో తెలుగు పేర్లున్నాయి. ఆ బొమ్మలు గీసిన మన చిత్రకారుల పేర్లు లేవు. ఆ తెలుగు పేర్లు ఆయనకి ఎవరు చెప్పారో, ఏ గట్టుమీద నిలబడి చెప్పారో లేదు. మొక్క మిగిలింది, పేరు మిగిలింది, చెప్పిన నోరు మిగల్లేదు.

రెండు వందల ఏళ్ళ తర్వాత నేను చేసింది ఇంకాస్త ఘనమైన పని. నోటితోపాటు పేరుని కూడా కొట్టేశాను.

మాట అక్కడిదాకా వచ్చాక చెప్తాను. తిరిగొచ్చేటప్పుడు జొన్నచేలో గునుగు పూలు కోశాం. పైన గులాబీ రంగు, కింద తెల్లగా, పట్టుకుచ్చుల్లా ఉన్నాయి. “ఇది పువ్వేనా, కూర కూడానా?” అని అడిగాను. ఆమె నవ్వింది. “ఆషాఢంల లేతగున్నప్పుడు కూర. జొన్నకు అడ్డమొస్తె కలుపు. ఇయ్యాల దేవత. అన్నీ గదే.” ఒకే మొక్క నాలుగు నెలల్లో మూడు హోదాలు మారుతోంది. అది కలుపా కూరా అన్నది మొక్కలో లేదు. ఎవరి పొలం, ఎవరి పొయ్యి అన్నదాంట్లో ఉంది. తర్వాత ఆమె చెరుకు వైపు చెయ్యి చూపించి, “ఆ చేనుకు గడ్డిమందు కొడితె గాలికి ఈ దిక్కు పడుతది. కొసలు మాడుతయి. అప్పుడు ఎంత లేతగున్నా తినం. గట్టుమీదికి ఇసిరేసుడే” అంది.

కొసలు మాడడం. గట్టుమీదికి విసరడం. పదిహేడేళ్ళ తర్వాత ఆ చేను దగ్గర నాకు ఆ కథ అర్థమైంది. మూడు రోజులూ ఒడిలోకి వెళ్ళిన గునుగు, చెంచలి, దొగ్గలి నాలుగో రోజు గట్టుమీదికి వెళ్ళాయి, మందు పడింది కాబట్టి. ఎవరి చేనుకో కొట్టిన మందు ఈ ఇంటి కూరని చంపింది. తల్లి ఒక్క మాట అనకుండా చేతి కదలికతోనే పిల్లకి చెప్పింది. అదీ కథ. పేర్లుంటేనే ఏది ఎటు వెళ్తోందో తెలుస్తుంది. ‘ఏవో ఆకులు’ అన్నాక ఏది ఒడిలో పడినా ఒకటే, ఏది గట్టున పడినా ఒకటే. ఆ ముగింపు పాఠకుల ఊహకి వదిలేసింది కాదు. దానికి ఒకే అర్థం ఉంది, ఆ అర్థాన్ని ఎర్ర ఇంకుతో కొట్టేసి, మిగిలిన ఖాళీని శిల్పమని మెచ్చుకున్నాను.

“అప్పుడే చెప్పలేదేం?” అని ఆ రాత్రి ఆమె కూతుర్ని అడిగాను. “మీరు మా టీచర్ కదా మేడం” అంది. కాసేపాగి, “అందరికీ అర్థం కావాలంటే అట్లనే రాయాలె కావచ్చు అనుకున్న” అంది. ఆ తర్వాత ఆమె రాసిన రెండు కథలూ చదివాను. ఒక్క మొక్క పేరు లేదు. చెట్లుంటాయి, పూలుంటాయి, పచ్చదనం ఉంటుంది. నా పాఠం బాగానే నేర్చుకుంది.

జహీరాబాద్ ప్రాంతంలో ఈ సాగుచెయ్యని కూరల గురించి మాట్లాడటం కొత్తకాదు. 1983 నుంచి అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేస్తున్న సంఘాల స్త్రీలు, ఎక్కువమంది దళితులు, కలుపు అని తీసిపారేసేవాటిలో తిండి ఎంత ఉందో చెప్తూనే ఉన్నారు. 2008లో మొదలైన వాళ్ళ సంగం రేడియోలో వాళ్ళ గొంతులే వినిపించాయి. నేను సంకలనం తెచ్చింది దానికి ఏడాది ముందు. జహీరాబాద్ నాకు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. వ్యవసాయం మీద పనిచేసేవాళ్ళు విన్నారు, ఆహారం మీద పనిచేసేవాళ్ళు విన్నారు. సాహిత్యం మీద పనిచేసే మేం వినలేదు. అది మా శాఖ కాదనుకున్నాం.

గోగు శ్యామల ‘నల్లపొద్దు’ సంకలనం అప్పటికే వచ్చింది. తర్వాత ఆమె కథలు కూడా తెలంగాణ మాదిగ పలుకుబడిలో వచ్చాయి. దళిత రచయిత్రులు భాష గురించి చెప్పినప్పుడు మేం తలలూపాం. మాండలికాన్ని గౌరవించాలని ఒప్పుకున్నాం కూడా. నేను ఆ అమ్మాయి కథలో ఒక్క క్రియాపదాన్ని కూడా ‘శిష్ట’ భాషలోకి మార్చలేదు, అదే నా ప్రజాస్వామికత అనుకున్నాను. ఉచ్చారణని ఉంచి వివేకాన్ని తీసేశాను. మాండలికం అంటే యాస మాత్రమే అనుకోవడంలో ఉన్న పొరపాటు ఇది. ఏ ఆకు ఒడిలోకి, ఏది గట్టుకి అన్న తేడా కూడా భాషే.

కాబట్టి కథల్ని దిద్దే పనిలో, పాఠం చెప్పే పనిలో ఉన్న మనందరికీ నా మనవి ఒకటే. మనకి తెలియని మొక్క పేరు ఎదురైనప్పుడు ఎర్ర కలం తీసేముందు ఒక ప్రశ్న వేసుకుందాం. ఈ పేరు ఇక్కడ అలంకారంగా ఉందా, పనిచేస్తోందా? ప్రబంధంలోని కురవకం తెలియకపోయినా పద్యం నడుస్తుంది. ఆ కథలో గునుగు తెలియకపోతే కథ నడవదు. పాఠకులకి అర్థం కాదన్న మాట కూడా ఒకసారి తిరగేసి చూడాలి. ఏ పాఠకులకి? జహీరాబాద్‌లో అది అర్థం కాని స్త్రీ ఎవరు? అపామార్గం అర్థం కాకపోతే మనం నిఘంటువు చూసుకుంటాం, కవిని తప్పుపట్టం. ఆ మర్యాద కూలికిపోయే తల్లి మాటకి ఎందుకివ్వం?

సంకలనం రెండో ముద్రణకి ఈ ఏడాది మేం సిద్ధం చేస్తున్నాం. కథని మొదట రాసినట్టే వేద్దామనీ, నేను కొట్టేసిన వాక్యాన్ని కూడా చేరుద్దామనీ ఆ అమ్మాయిని అడిగాను. నా ముందుమాట ఎలాగూ మార్చి రాయాలి. ఒప్పుకుంది, కానీ చేతిరాత ప్రతి తన దగ్గర లేదు. నా దగ్గరా లేదు. జ్ఞాపకంమీద పేర్లు రాసుకుంటూ పోతే పది వచ్చాయి. రెండు రాలేదు. వాళ్ళమ్మకి ఫోన్ చేస్తే ఒకటి వెంటనే చెప్పింది. రెండోది బంకటికూర అయ్యుంటుందంది. అయితే వాళ్ళ చెలకల్లో అది కనపడక చాలా ఏళ్ళయిందట.

“ఎట్లుంటది అక్కా? ఆకు ఎట్లుంటది?” అని నేను కాగితం, కలం పట్టుకుని అడిగాను.

అవతలనుంచి కాసేపు ఏమీ వినపడలేదు. “చేతుల పెట్టి సూపియ్యాలె గని, ఫోన్ల ఎట్ల చెప్పాలె మేడమమ్మా” అంది.

పన్నెండు పేర్లూ అచ్చుకి వెళ్తున్నాయి. అర్థాలు ఇవ్వడం లేదు. ఆ పన్నెండోది వచ్చే వానాకాలం వెతుకుదామని ఆమె అంది, నేను వెళ్తాను. దొరక్కపోతే ఆ పేరు పక్కన రేపు ఏ నిఘంటువైనా రాసేది మళ్ళీ ఆ పాత మాటే.